తెలిసీ ఎందుకు చెయ్యం?

అశోకుడి శాసనాలు అనగానే కళింగ యుద్ధం, లక్ష మంది చావు, రాజుగారి పశ్చాత్తాపం గుర్తొస్తాయి. ఆ పశ్చాత్తాపం ఉన్నది పదమూడో శాసనంలో. అది గుజరాత్‌లోని గిర్నార్‌లో ఉంది, పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో ఉంది, కర్నూలు వైపు ఎర్రగుడిలోనూ ఉంది. యుద్ధం జరిగిన కళింగంలో మాత్రం లేదు. మా గంజాం జిల్లా జౌగడ బండ మీద పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు వదిలేశారు. భువనేశ్వర్ దగ్గరున్న ధౌలిలోనూ అంతే. వాటి స్థానంలో రెండు ప్రత్యేక శాసనాలు చెక్కారు. జౌగడలో వాటిలో ఒకటి సమాపా నగరంలో కొలువు చేసే అధికారులకు రాసింది. మా భాషలో చెప్పాలంటే అదొక సర్క్యులర్.

సర్క్యులర్ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. బరంపురంలో ఫిలాసఫీతో బీఏ చదివి, ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా చేరి, హెడ్ క్లర్కుగా దిగినవాణ్ణి. వచ్చిన సర్క్యులర్‌ను పైపైన చూసి, ఇనీషియల్ పెట్టి, పక్క టేబుల్ మీదికి తోసెయ్యడంలో చెయ్యి తిరిగినవాళ్ళ మధ్య బతికాను. ఇప్పుడు అంకులిలో ఇంటి దగ్గరే ఉంటున్నాను. మనవరాలు సివిల్స్‌కి చదువుతోంది. 2013 నుంచి ఆ పరీక్షలో నీతి, నిజాయితీ, సామర్థ్యం అంటూ నాలుగో పేపరు ఒకటి పెట్టారు. అందులో దేశంలోని, ప్రపంచంలోని నీతి చింతకుల గురించి అడుగుతారు. మొన్నొకరోజు ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"తాతా, తప్పని తెలిసి కూడా మనిషి తప్పు చేస్తాడా, చెయ్యడా? సోక్రటీసు చెయ్యడంటాడు. అరిస్టాటిల్ చేస్తాడంటాడు. ఏది రాయమంటావు?"

"రాయడం తర్వాత చూద్దువుగాని. ముందు నీకో గుమస్తా కథ చెబుతాను విను" అన్నాను.

ఒక పెన్షన్ ఫైలు

నాతో పనిచేసిన ఒకాయన ఉండేవాడు. పేరెందుకులెండి. మంచి మనిషి. లంచం ముట్టినవాడు కాడు. సాయంత్రం భజనకు వెళ్ళేవాడు. ఆయన దగ్గరికి చనిపోయిన ఒక ప్యూను భార్య కుటుంబ పెన్షన్ ఫైలు వచ్చింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక నోటు రాసి పై అధికారికి పుటప్ చెయ్యాలి, అంతే. గంట పని. ఆ ఫైలు నెలల తరబడి ఆయన బల్ల మీదే పడి ఉంది. ఆమె వచ్చినప్పుడల్లా కుర్చీ వేసి, టీ తెప్పించి, "రేపు చేసేస్తానమ్మా" అనేవాడు. అబద్ధం చెబుతున్నాననుకోలేదు. నిజంగానే రేపు చేద్దామనుకునేవాడు.

ఆమె ఇబ్బంది ఆయనకు తెలుసు. ఆలస్యం తప్పని తెలుసు. ఆలస్యం వల్ల తనకొచ్చే లాభం పైసా లేదు. అయినా ఎందుకు చెయ్యలేదు? ఏథెన్స్‌లో దాదాపు వందేళ్ళ పాటు పెద్ద పెద్ద బుర్రలన్నీ బద్దలు కొట్టుకున్నది ఈ ప్రశ్న దగ్గరే.

తెలియకపోవడమే అంటాడు సోక్రటీసు

క్రీ.పూ. 399లో విషం తాగి చనిపోయిన సోక్రటీసు స్వయంగా ఏమీ రాయలేదు. ఆయన వాదన మనకు ఎక్కువగా శిష్యుడు ప్లేటో రాసిన సంభాషణల ద్వారా అందింది. ఆ వాదన వినడానికి వింతగా ఉంటుంది. కావాలని చెడు చేసేవాడు లోకంలో లేడట. ప్రతివాడూ తనకు మేలనిపించిందే చేస్తాడు. అది నిజంగా మేలు కాకపోతే లెక్క తప్పాడన్నమాట. 'ప్రొటాగరస్' అనే సంభాషణలో దీన్ని విప్పి చెబుతాడు. దగ్గరున్న వస్తువు కంటికి పెద్దగా, దూరాన ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కదా, సుఖదుఃఖాలూ అంతే. ఇప్పటి సుఖం కొండంత, ఆర్నెల్ల తర్వాతి కష్టం ఆవగింజంత అనిపిస్తుంది. ఆ రెండింటినీ సరిగ్గా కొలిచే విద్య మనిషికి వస్తే తప్పు చెయ్యడు.

షుగరు జబ్బున్న నా స్నేహితుడొకడు మిఠాయి కొట్టు ముందు ఆగినప్పుడల్లా నాకు ఈ వాదన గుర్తొస్తుంది. ఛెనాపోడా ముక్క ఎదురుగా ఉంది. డాక్టరు చెప్పిన కిడ్నీ ఎక్కడో ఉంది. అక్కడ దాకా సోక్రటీసు గెలిచినట్టే. అయితే తినేటప్పుడు వాడు "తినకూడదురా" అంటూనే తింటాడు. లెక్క తప్పినవాడు తప్పానని ఎలా చెప్పగలడు? మా గుమస్తా సంగతీ ఇదే. ఆయన కొలత సరిగ్గానే ఉంది. చెయ్యి కదలలేదు.

లోపల ముగ్గురున్నారు అంటాడు ప్లేటో

గురువు సమాధానం చాలదని శిష్యుడికీ అనిపించినట్టుంది. 'రిపబ్లిక్' నాలుగో భాగంలో ప్లేటో ఒక కథ చెప్పిస్తాడు. లియోంటియస్ అనే ఆయన రేవు నుంచి నగరానికి నడిచి వస్తున్నాడు. గోడ పక్కన, తలారి దగ్గర, శవాలు పడి ఉన్నాయి. చూడాలని ఉంది. చూడటం అసహ్యంగానూ ఉంది. మొహం కప్పుకుని కాసేపు పెనుగులాడి, చివరికి ఓడిపోయి, కళ్ళు బాగా తెరిచి శవాల దగ్గరికి పరుగెత్తాడు. చూసుకోండి దరిద్రుల్లారా అన్నట్టు తన కళ్ళనే తిట్టుకున్నాడు.

తిట్టిందెవరు, తిట్లు తిన్నదెవరు? మనిషి ఒక్కడే అయితే ఈ తగువు రాదు. కాబట్టి లోపల మూడు ఉన్నాయంటాడు ప్లేటో. మంచిచెడ్డలు ఆలోచించేది ఒకటి. తిండి, సుఖం, డబ్బు కోరేది ఒకటి. ఈ రెండింటికీ మధ్య రోషం ఒకటి. రోషం కోరికతో చేరదు, మామూలుగా ఆలోచన పక్షాన నిలబడుతుంది. లియోంటియస్ తన మీద తానే మండిపడ్డది ఆ రోషం వల్లే. మనిషిని నడిపించేది ఒక్క తెలివే కాదని, మర్యాద, సిగ్గు, పట్టుదల కూడా నడిపిస్తాయని గట్టిగా చెప్పినవాడు ప్లేటో.

మా గుమస్తా కూడా ఒకరోజు ఆ ఫైలును చూసి "ఛీ, ఏం మనిషిని నేను" అని తనను తానే తిట్టుకున్నాడు. రోషం లేచింది. ఫైలు విప్పాడు. ఇంతలో టిఫిన్ వేళయింది. ఉప్మా-ఘుగుని తినొచ్చాక మళ్ళీ మూసేశాడు.

తెలుసు, కాని నిద్రపోతున్న తెలివి అంటాడు అరిస్టాటిల్

అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) ఈ చిక్కుకు 'నికొమాకియన్ ఎథిక్స్' ఏడో భాగంలో చాలా చోటు ఇచ్చాడు. సోక్రటీసు మాట లోకంలో కనిపించేదానికి విరుద్ధంగా ఉందని ముందే ఒప్పుకుని మొదలుపెడతాడు. తర్వాత, తెలియడంలోనే రెండు రకాలు ఉన్నాయంటాడు. తెలుసు, ఆ తెలివిని వాడుతున్నాడు అనేది ఒకటి. తెలుసు, వాడటం లేదు అనేది ఇంకొకటి. తాగినవాడు, నిద్రలో ఉన్నవాడు గొప్ప పద్యాలు వల్లించగలడు. నోటికి వస్తాయి, అంతే. నిగ్రహం తప్పినవాడు ధర్మం మాట్లాడటం కూడా అలాంటిదే. కొత్తగా చదువుకునే పిల్లలు వాక్యాలు అప్పజెప్పినట్టు ఉంటుంది. ఆ చదువు ఒంటికి పట్టాలి, పట్టడానికి కాలం పడుతుంది.

మనిషిని అసలు కదిపేదేమిటన్న ప్రశ్నకు ఆయన తీర్పు స్పష్టంగా ఉంటుంది. వట్టి ఆలోచన దేన్నీ కదపలేదు. కోరిక కదపాలి. ఆలోచన దానికి దారి చూపాలి. రెండూ ఒకే వైపు లాగినప్పుడే మంచి పని జరుగుతుంది.

నిగ్రహం తప్పేవాళ్ళలోనూ ఆయన రెండు జాతులు చూశాడు. కొందరు ఆలోచించకముందే దూకేస్తారు. కొందరు బాగా ఆలోచిస్తారు, నిర్ణయిస్తారు, ఆ నిర్ణయం మీద నిలబడలేరు. ఆ పక్కనే మెత్తనివాళ్ళ గురించి చెబుతాడు. కష్టమని, పైబట్ట నేల మీద ఈడుస్తుంటే ఎత్తి పట్టుకోవడానికి కూడా బద్ధకించేవాడట అలాంటివాడు. రెండువేల మూడొందల ఏళ్ళ కిందట రాసిన ఈ మాట చదివి, ఫలానా సెక్షన్‌లో ఫలానా ఆయన అని నేను వెంటనే గుర్తుపట్టాను.

ఆ ఏడో భాగంలోనే ఇంకో మాట ఉంది. మంచి చట్టాలన్నీ చేసుకుని, కావలసిన తీర్మానాలన్నీ రాసుకుని, ఒక్కటీ అమలు చెయ్యని నగరం లాంటివాడు నిగ్రహం లేనివాడు అంటాడు. దుర్మార్గుడు అలా కాదు, చట్టాన్ని అమలు చేస్తాడు, ఆ చట్టమే చెడ్డది. మా గుమస్తా మొదటి రకం నగరం. చట్టం పుస్తకంలో భద్రంగా ఉంది.

మరి మందేమిటి? అలవాటు. వీణ వాయించి వాయించి వైణికుడవుతాడు, ఇళ్ళు కట్టి కట్టి మేస్త్రి అవుతాడు, న్యాయంగా నడిచి నడిచి న్యాయవంతుడవుతాడు. పౌరులకు మంచి అలవాట్లు చెయ్యడమే చట్టం చేసేవాడి పని అంటాడు అరిస్టాటిల్. ఉపన్యాసాలతో మనుషులు మారరని, ఎక్కువమంది సిగ్గుకు లొంగరు గాని భయానికి లొంగుతారని పుస్తకం చివర నిర్మొహమాటంగా రాశాడు.

ఆయన తర్వాత వచ్చినవాళ్ళను రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. ఏథెన్స్‌లో తోట కొని బడి పెట్టిన ఎపిక్యూరస్ మనిషి చేసే పనులన్నీ సుఖం కోసమే అన్నాడు. అయితే ఆయన లెక్కలో సుఖమంటే విందు కాదు, ఒంటికి నొప్పి, మనసుకు భయం లేకపోవడం. స్టోయిక్కులు మన కళ్ళకు తోచినదానికి మనం "అవును" అంటేనే కోరిక పుడుతుందన్నారు. ఆ "అవును" మన చేతిలో ఉందన్నారు. వాళ్ళలో గొప్పవాడైన క్రిసిప్పస్ దాదాపు అశోకుడి కాలంవాడే.

అంజీరలు పంపాడు, పండితుణ్ణి పంపలేదు

ఇంత గ్రీకు గోలకూ మా జౌగడకూ ఏం సంబంధం అంటుంది మనవరాలు. సంబంధం ఉంది. అశోకుడి తండ్రి బిందుసారుడు సిరియా ఏలే గ్రీకు రాజు ఆంటియోకస్‌కు కబురు పెట్టాడట. తియ్యటి ద్రాక్షసారా, ఎండు అంజీరలు, ఒక తత్త్వ పండితుణ్ణి కొని పంపమని. సారా, అంజీరలు పంపిస్తాం గాని పండితుణ్ణి అమ్మడం మా దేశంలో ఆచారం కాదని జవాబొచ్చిందట. ఈ కథ గ్రీకు గ్రంథకర్త అథీనియస్ సేకరించి పెట్టాడు. నిజమో కల్పనో గాని, పాటలీపుత్రంలో గ్రీకు తత్త్వమంటే ఏదో ఉందన్న సంగతి తెలుసని గ్రీకులు నమ్మారు.

కొడుకు కాలానికి రాకపోకలు ఇంకా పెరిగాయి. జౌగడ బండ మీదున్న రెండో శాసనంలోనే ఆ వంశపు మరో ఆంటియోకస్ పేరు కనిపిస్తుంది. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసిన చోట్లలో అతని రాజ్యం కూడా ఉంది. అంటే సిరియా రాజు పేరు ఋషికుల్య ఒడ్డున, బరంపురానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో చెక్కి ఉంది.

అఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్‌లో 1958లో దొరికిన అశోకుడి శాసనం గ్రీకు, అరామిక్ భాషల్లో ఉంది. పట్టాభిషేకమై పదేళ్ళు నిండాక రాజు జనానికి ధర్మం చూపించాడని, వేటగాళ్ళు, జాలర్లు వేట మానుకున్నారని, నిగ్రహం లేనివాళ్ళు తమకు చేతనైనంత వరకు ఆ లోపం వదిలించుకున్నారని అందులో ఉంది. అరిస్టాటిల్ ఏడో భాగంలో తవ్విపోసిన లోపమే అది. పేరు కూడా ఆయన వాడినదే. "చేతనైనంత వరకు" అన్న మాట చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అందరూ బాగుపడ్డారని రాయలేదు. ఆఫీసు రిపోర్టులు రాసినవాడికి ఆ నిజాయితీ విలువ తెలుస్తుంది.

అశోకుడు అరిస్టాటిల్‌ను చదివాడని నేననడం లేదు. అందుకు ఆధారం లేదు. ఒకే జబ్బును ఇద్దరూ చూశారు. ఒకరు బడిలో కూర్చుని చూశారు, ఇంకొకరు కచేరీలో కూర్చుని చూశారు.

సమాపా గుమస్తాలకు ఏడు దోషాలు

ఇప్పుడు మా బండ దగ్గరికి రండి. పురుషోత్తంపూర్ దగ్గర పాత కోట మట్టికట్టల మధ్య ఉంది. జౌ అంటే ఒడియాలో లక్క. లక్కతో కట్టిన కోట అని కథ చెబుతారు. అమరావతి స్తూపాన్ని 1845లో తవ్వించిన వాల్టర్ ఇలియటే 1850 ప్రాంతంలో ఈ రాతకు నకలు తీశాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు వైపే కదా, అమరావతి, జౌగడ రెండూ ఒకే కొలువులో ఉండేవి.

సర్క్యులర్ ఇలా సాగుతుంది. మనుషులందరూ తనకు బిడ్డలేనని రాజు మొదలుపెడతాడు. ఈ సంగతి మీలో కొందరికే అర్థమైంది, అదీ కొంతే అంటాడు. కారణం లేకుండా ఒక మనిషి చెరలో పడతాడు, అతని వెనక చాలామంది ఏడుస్తారు, అలా జరగనివ్వకుండా నడిమి దారిన నడవండి అంటాడు. ఆ నడిమి దారికి నిష్పక్షపాతం అని కొందరు పండితులు అర్థం చెప్పారు. అతికీ కొరతకూ మధ్య ఉన్నదే సద్గుణమన్న అరిస్టాటిల్ ఇక్కడ గుర్తు రాకమానడు.

ఆ దారిన నడవనివ్వనివి ఏడు: అసూయ, తొందర కోపం, కాఠిన్యం, తొందరపాటు, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట. ఉద్యోగం చేసినవాడిగా నేను వీటిని రెండు కట్టలు కడతాను. మొదటి నాలుగూ వేడి దోషాలు. వీటివల్ల చెయ్యకూడనిది చేస్తాం. చివరి మూడూ చల్ల దోషాలు. వీటివల్ల చెయ్యవలసింది చెయ్యం. అరిస్టాటిల్ చెప్పిన దూకేవాడు మొదటి కట్టలో, నిలబడలేనివాడు రెండో కట్టలో సర్దుకుంటారు. ఆ నడిమి దారికి మూలమంతా కోపం, తొందర లేకపోవడంలో ఉందని రాజు అంటాడు. యుద్ధం చేసి వచ్చినవాడు వేడి దోషాలకు భయపడటం సహజమే. నా అనుభవంలో ప్రజలను ఎక్కువగా ఏడిపించేది చల్ల దోషాలు. కోపిష్టి అధికారి మీద ఫిర్యాదు చెయ్యొచ్చు. టీ ఇచ్చి రేపు రమ్మనేవాడి మీద ఏమని చేస్తాం?

అలసటను దోషాల జాబితాలో చేర్చడం నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. అలసిపోయినవాడు లేవడు, కాని లేవాలి, కదలాలి, ముందుకు పోవాలి అంటాడు రాజు. సోక్రటీసు లెక్కల్లో అలసటకు చోటు లేదు. కొలిచే విద్య వచ్చినవాడు సాయంత్రం నాలుగు గంటలకు కూడా ఉదయం పదింటికి కొలిచినట్టే కొలుస్తాడని ఆయన నమ్మాడు.

ఇక మందు. రాజు ఒక్క మందు మీద ఆధారపడలేదు. ఈ శాసనాన్ని ప్రతి తిష్య నక్షత్రం రోజున, అంటే పుష్యమి నాడు, చదివి వినిపించాలన్నాడు. మధ్యలో కూడా వినిపించాలి, వినేవాడు ఒక్కడే ఉన్నా సరే. పద్యం వల్లించే నిద్రమనిషిని పదేపదే తట్టి లేపడం అన్నమాట. అయిదేళ్ళకోసారి తనిఖీకి అధికారిని పంపుతానన్నాడు. అతడు కఠినుడు, కోపిష్టి కాకూడదని షరతు కూడా పెట్టాడు. ఉజ్జయిని నుంచి, తక్షశిల నుంచి అయితే మూడేళ్ళు దాటకుండా పంపుతారట. బాగా చేస్తే స్వర్గం, నాకు మీరున్న ఋణమూ తీరుతుంది, చెయ్యకపోతే రెండూ లేవు అన్నాడు.

ఋణం అన్నచోట రాజుకు మనుషులు బాగా తెలుసనిపిస్తుంది. బరంపురంలో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. మొక్కుకున్నవాళ్ళు రకరకాల వేషాలు కట్టి ఎండలో వీధులు తిరుగుతారు. డాక్టరు రోజూ నడవమంటే గుమ్మం దాటనివాడు మొక్కు కోసం ఊరంతా నడుస్తాడు. నడక మంచిదన్న సంగతి ఎప్పుడూ తెలుసు. బాకీ ఉన్నాననుకున్నప్పుడే కాళ్ళు కదిలాయి.

భయం పని చేస్తుందన్న అరిస్టాటిల్‌తో ఈ రాజు పూర్తిగా ఏకీభవించడు. రెండో ప్రత్యేక శాసనంలో సరిహద్దు జనం తనను చూసి భయపడకూడదని, తండ్రిలా నమ్మాలని కోరతాడు. తర్వాత, పాలన చివరి భాగంలో, ఢిల్లీ-తోప్రా స్తంభం మీద ఇంకా తేల్చి చెబుతాడు. ధర్మాన్ని నియమాలతో పెంచాను, నచ్చజెప్పడంతోనూ పెంచాను, నియమాలతో అయింది కొంచెమే అని. నాకైతే రెండూ కావాలనిపిస్తుంది. మా గుమస్తా ఫైలు కదిలింది తనిఖీ తేదీ పడ్డాకే. పెండింగ్ లిస్టు అడిగారు. మధ్యాహ్నం కూర్చుని నోటు రాసేశాడు, గంట కూడా పట్టలేదు. అయితే ఆయన మంచివాడు కాకపోయి ఉంటే ఆ గంటలోనే ఏదో కొర్రీ పెట్టి ఫైలు వెనక్కి కొట్టేవాడు. తేదీ ఆయన్ని లేపింది. నోటు సరిగ్గా రాయించింది మాత్రం ఆయన మంచితనమే.

మనవరాలికి చివరికి ఇలా చెప్పాను. తప్పని తెలిసి మనిషి తప్పు చేస్తాడమ్మా, మంచిదని తెలిసి ఊరుకుంటాడు కూడా. కాబట్టి నీ కింద పనిచేసేవాళ్ళకు ధర్మం తెలియదనుకుని ఉపన్యాసం ఇవ్వకు, వాళ్ళకు తెలుసు. వాళ్ళంతా దొంగలనుకుని బెత్తం పట్టకు, చాలామంది కారు. వాళ్ళు అలసిపోతారని ముందే లెక్క వేసుకో. నువ్వూ అలసిపోతావని వేసుకో. ప్రతి ఫైలుకూ ఒక తేదీ పెట్టు, ఆ తేదీన కోపం లేకుండా అడుగు.

"ఇది రాస్తే మార్కులు వస్తాయా తాతా?" అంది.

మార్కుల సంగతి తెలియదు. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో మాత్రం పనికొస్తుందన్నాను.